చప్పట్లు కొట్టుడే కాదు, లెక్క కూడా అడుగుదాం



పోస్టు పెద్దగ ఉంటది, ముందే చెప్తున్న. తీరిక దొరికినప్పుడు చదవండి. ఆట గురించే రాస్తున్న. కానీ మా హాస్టల్ తమ్ముడొకడు నన్ను ఒక ప్రశ్న అడిగిండు. వారం నుంచి వానికి సరిగ్గ జవాబు చెప్పలేకపోయిన. ఇది రాస్తే నాకే తెల్లగైతదని రాస్తున్న.

నవంబర్ 2, ఆదివారం నుంచి మొదలుపెడ్త. ఆ రోజు నాచారంలో మా హాస్టల్‌ల రెండు ఫైనళ్లు నడిచినయ్. రాత్రి ఆడోళ్ల వరల్డ్ కప్ ఫైనల్ అందరు చూసిన్రు. వార్డెన్ సార్ కూడా కుర్చీ ఏసుకొని కూర్చున్నడు. మన కడప జిల్లా శ్రీచరణి ఆ వరల్డ్ కప్‌ల 14 వికెట్లు తీసింది. నవీ ముంబైలో హర్మన్‌ప్రీత్ ఆఖరి క్యాచ్ పట్టినప్పుడు మా మూడో అంతస్తు నుంచి కింద దాకా ఒకటే అరుపులు. పొద్దుగాల ఇంకో ఫైనల్ అయింది. అది చూసింది నేనొక్కన్నే. ఐదున్నరకు లేచి, దుప్పటి కప్పుకొని, పగిలిన ఫోన్‌ల బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ చూసిన. టొరంటోలో బ్లూ జేస్, లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్. మొత్తం సిరీస్ 3-3 మీద ఉన్నది.

అందుకే హాస్టల్‌ల నన్ను 'అమెరికా' అంటరు. "అరేయ్ అమెరికా, టిఫిన్ అయిపోతది రా" అని పిలుస్తుంటే నేను ఇంకా పదో ఇన్నింగ్స్‌ల ఉన్న.

ఏటూరునాగారం ఏజెన్సీ కోయ పిల్లగానికి బేస్‌బాల్ పిచ్చి ఎట్ల పట్టిందని అడుగుతరు. గురుకులం పుణ్యం. ఎనిమిదో తరగతిల మా పీఈటీ సార్ ఒక సంచి తెచ్చిండు. అందుల రెండు బ్యాట్లు, నాలుగు గ్లవ్‌లు, సాఫ్ట్‌బాల్ బంతులు ఉన్నయ్. ఫీల్డింగ్‌కు తొమ్మిది మంది కావాలె, గ్లవ్‌లేమో నాలుగు. మిగిలిన ఐదుగురం వట్టి చేతులతోనే పట్టేటోళ్లం. సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ అన్నదమ్ముల్లాంటియి. సాఫ్ట్‌బాల్ బంతి పెద్దది, చెయ్యి కిందికెళ్లి ఏస్తరు. బేస్‌బాల్ బంతి చిన్నది, పైనుంచి ఏస్తరు. మూడు స్ట్రైక్‌లు పడితే ఔట్, ముగ్గురు ఔటైతే అవతలోళ్ల వంతు, నాలుగు బేస్‌లు తిరిగి ఇంటికొస్తే ఒక రన్. చిర్రగోనె ఆడినోళ్లకు సగం ఆట వచ్చినట్టే. నేను జోనల్ దాకా ఆడిన. ఇంటర్‌కు వచ్చినంక ఆ బంతి మళ్ల నా చేతికి రాలే. ఆడుడు పోయింది, చూసుడు మిగిలింది.

ఆ ఏడో మ్యాచ్ గురించి రెండు ముక్కలు చెప్పకుంటే నా మనసు ఊకోదు. తొమ్మిదో ఇన్నింగ్స్ వచ్చేసరికి టొరంటో 4-3 ముందున్నది. ఇంకా ఇద్దర్ని ఔట్ చేస్తే 1993 తర్వాత వాళ్లకు మళ్ల కప్పు. అప్పుడు బ్యాటింగ్‌కు వచ్చింది మిగెల్ రోహాస్. వెనిజులా మనిషి, 36 ఏండ్లు, పెద్ద హిట్టర్ కాదు, ఫీల్డింగ్ కోసం టీమ్‌ల పెట్టుకునే ఆటగాడు. ఆయన హోమ్ రన్ కొట్టి సమం చేసిండు. పదకొండో ఇన్నింగ్స్‌ల విల్ స్మిత్ ఇంకొకటి కొట్టిండు. డాడ్జర్స్ 5-4తో గెలిచి వరసగా రెండో ఏడాది కప్పు ఎత్తిన్రు. ముందు రోజు మ్యాచ్‌ల బౌలింగ్ చేసిన జపాన్ యమమోటో, ఒక్క రోజు కూడా ఆగకుండ వచ్చి దీన్ని ముగించిండు.

డాడ్జర్స్ డబ్బుతో కొన్నరని చానామంది తిడ్తున్నరు. నిజమే, ఒహ్తానీ ఒక్కనికే పదేండ్లకు 70 కోట్ల డాలర్లు రాసిన్రు. ఐపీఎల్ లెక్క ఒక్కో టీమ్ ఇంతకు మించి ఖర్చు పెట్టొద్దనే గట్టి గీత అక్కడ లేదు. నా అభిప్రాయం ఏందంటే, ఐపీఎల్ పద్ధతే ఇందుల నయం. డబ్బున్నోడే ప్రతిసారి వేలం ఎత్తుకుపోతే చిన్న ఊరి టీమ్ అభిమాని ఏ ఆశతో చూడాలె? కానీ రోహాస్‌ను చూసినంక నాకు ఇంకోటి అనిపించింది. కోట్లు పెట్టి కొన్నోళ్లు పదిమంది ఉన్నా, మ్యాచ్ నిలబెట్టింది పేరు తక్కువ ఉన్న పెద్దమనిషి. ఆ జాగల నిలబడే అవకాశం ఆయనకు ఉన్నది, అందుకే కొట్టిండు. అందరికీ అసలు కావాల్సింది ఆ అవకాశమే.

సరే, ఇప్పుడు తమ్ముని సంగతి.

తెల్లారి నవంబర్ 3 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల మీద ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టినయ్, మీకు తెలుసు. వారం తిరగకముందే ప్రభుత్వంతో మాటలై తెరిచిన్రు. ఆ బంద్ రోజుల్ల మా హాస్టల్ ఫస్టియర్ తమ్ముడు పొద్దు మాపు గ్రౌండ్ల మీదనే ఉన్నడు. ఆసిఫాబాద్ దిక్కు గోండు పిల్లగాడు, పేరు రాయను. వాని చెయ్యి చూస్తే మీరు కూడా ఆగి చూస్తరు. ఇంటికాడ పిట్టలను కొట్టిన చెయ్యి, వడిసెల తిప్పిన భుజం. టెన్నిస్ బాల్‌తో యార్కర్ ఏస్తే వికెట్‌కు బదులు పెట్టిన ఇటుక పగిలింది. నెట్ ప్రాక్టీస్ నడిపే ఒకాయన చూసి, "ఏడాది చదువు ఆపి ఫుల్ టైం రా, ఫీజు కిట్టు కలిపి 60 వేలు, లీగ్‌ల ఆడిస్త" అన్నడంట. ఆయన మోసగాడని నేను అనను. నాకు తెల్వదు. తమ్ముడు ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ల బాపు ఒక్కటే మాట అన్నడంట: పత్తి ఏరుడు అయిపోయినంక ఎద్దుల జత అమ్ముదాం బిడ్డా అని.

"అన్నా, నువ్వు ఆటలన్ని చూస్తవ్ గదా. ఏం చెయ్యమంటవ్?" అని నన్ను అడిగిండు.

నేను కోచ్‌ను కాదు. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కిన మొదటోన్ని, నాకే సలహా చెప్పేటోళ్లు లేరు. అయినా ఇన్నేండ్లు అభిమానిగా చూసినదాంట్ల మూడు లెక్కలు అడగాలె అని నాకు అర్థమైంది. ఏ ఆటైనా, ఏ టీమైనా ఈ మూడూ అడగాలె.

మొదటి లెక్క: పేరెవరిది, బొమ్మెవరిది?

అమెరికాల క్లీవ్‌లాండ్ అనే ఊరి బేస్‌బాల్ టీమ్ 1915 నుంచి 2021 దాకా 'ఇండియన్స్' అనే పేరుతో ఆడింది. ఇండియన్స్ అంటే మనం కాదు, అక్కడి ఆదివాసులు. టోపీ మీద ఎర్ర ముఖం, ఇంత పెద్ద పండ్లు, తలమీద ఈక పెట్టిన ఒక కార్టూన్ బొమ్మ ఉండేది. ఆదివాసీ సంఘాలు ఏండ్ల తరబడి గేటు ముందట నిలబడి అడిగినయ్: మేము మనుషులం, మీ బొమ్మలం కాదు అని. 2019ల జెర్సీ మీదికెళ్లి బొమ్మ తీసిన్రు. 2021 సీజన్ తర్వాత పేరే మార్చి 'గార్డియన్స్' అని పెట్టుకున్నరు. 2025 జూలైల ట్రంప్, పాత పేరు మళ్ల పెట్టాలె అని గొడవ లేపిండు. టీమ్ వాళ్లు ఒప్పుకోలే. అట్లాంటాల 'బ్రేవ్స్' అభిమానులు ఇప్పటికీ చెయ్యిని గొడ్డలి లెక్క ఊపుకుంట, ఓ... ఓ... అని కూస్తరు. అది ఏ తెగ పాటా కాదు.

ఇందుల చానామందికి తెల్వని మనిషి ఒకాయన ఉన్నడు. లూయిస్ సాకలెక్సిస్. పెనాబ్‌స్కాట్ తెగ ఆదివాసీ. 1897ల అదే క్లీవ్‌లాండ్ ఊరి టీమ్‌ల ఆడిండు. ఆయన బ్యాటింగ్‌కు వస్తే జనం గేలి చేసుకుంట యుద్ధ కూతలు కూసేటోళ్లు. మూడు సీజన్ల కంటె ఎక్కువ ఆడలేదు. ఆదివాసీ నిజంగ గ్రౌండ్‌ల దిగితే గేలి చేసిన్రు. ఆదివాసీ బొమ్మను టోపీ మీద పెట్టుకొని ఏండ్ల తరబడి అమ్ముకున్నరు.

దూరం కథ అనుకోకండి. పోయినేడు మా కాలేజీ ఫెస్ట్‌ల 'ట్రైబల్ థీమ్' అన్నరు. ముఖానికి నల్ల రంగు, నడుముకు ఆకులు, చేతుల బల్లెం, హుళక్కి హుళక్కి అని అడుగులు. నన్ను పిలిచి, "నువ్వు ట్రైబల్ గదా, స్టెప్పులు నేర్పియ్" అన్నరు. నేను కొమ్ము కోయ ఆట గురించి చెప్పబోయిన. ఆ కొమ్ములు ఎప్పుడు కట్టుకుంటరు, డోలు ఎవరు కొడ్తరు అని. "అంత వద్దు, జోష్ ఉంటే చాలు" అన్నరు. నా పక్కన ఈ తమ్ముని లెక్కటి గోండు పిల్లలు ఇద్దరు ఉన్నరు. దండారిల గుస్సాడీ కట్టినోడు దీక్షల ఉంటడు, నెమలి పింఛాల టోపీని దేవునిలెక్క చూస్తరు. మర్లవాయి కనకరాజు తాతకు 2021ల పద్మశ్రీ వచ్చింది ఆ ఆటకే. అటువంటి టోపీని అట్టముక్కతో చేసి స్టేజీ మీద ఎగరేసిన్రు. మేము ముగ్గురం చప్పట్లు కొట్టలే. కానీ లేచి ఆపలే కూడా. ఆ సిగ్గు నాకు ఇంకా ఉన్నది.

మొదటి లెక్క ఇదే. మన బొమ్మ అడిగేటోళ్లను, మన మనిషి ఎక్కడున్నడో అడుగుదాం.

రెండో లెక్క: గ్రౌండ్‌ల ఎవరున్నరు, అక్కడికి దారి ఎటున్నది?

మా హాస్టల్ నుంచి ఉప్పల్ స్టేడియం దూరమేం కాదు. ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రోజు డాబా ఎక్కితే లైట్ల వెలుగు కనవడ్తది. సిక్స్ పడితే టీవీల కంటె ముందు అరుపు మా చెవులకు వస్తది. మా హాస్టల్‌ల అందరం సన్‌రైజర్సే. 2024ల 277, 287 కొట్టినప్పుడు మేమే కొట్టినట్టు తిరిగినం. చెన్నైలో ఫైనల్‌ల 113కే కుప్పకూలితే ఆ రాత్రి ఎవ్వరం అన్నం తినలే. 2025ల ఆరో స్థానంతో సరిపెట్టిన్రు. ఆ తర్వాత షమీని లక్నోకు ఇచ్చేసిన్రు. నా మాట ఏందంటే, ముందు బౌలింగ్ చూసుకోవాలె. మొదలు బ్యాటింగ్ దిగి దంచుడు మాకూ ఇష్టమే, కానీ రెండు వందలు కొట్టినా కాపాడుకోలేని టీమ్ తోని కప్పు రాదు.

స్టేడియంల సుమారు 39 వేల సీట్లు. నేను ఒక్కసారి లోపలికి పోయిన. టికెట్ మీద కాదు. 2025 మార్చి 23, రాజస్థాన్‌తో మ్యాచ్. తిండి స్టాల్‌కు మనుషులు కావాలంటే రోజుకు 700 అని పోయినం నలుగురం. ఆ రోజు మనోళ్లు 286 కొట్టిన్రు. ఇషాన్ కిషన్ 47 బంతుల్ల 106 నాటౌట్. నేను స్టేడియంలోనే ఉన్న, ఒక్క బంతి చూడలే. సమోసాల ట్రేలు మోసుకుంట, అరుపును బట్టి ఇది ఫోర్, ఇది సిక్స్ అని లెక్కపెట్టుకున్న. రాత్రి ఒంటిగంటకు హాస్టల్‌కు నడుచుకుంట వచ్చి, ఫోన్‌ల హైలైట్స్ చూసి పడుకున్న.

ఆ తర్వాత వారంలోనే ఫ్రీ పాసుల లొల్లి బయటికొచ్చింది. పాసుల కోసం మమ్మల్ని బెదిరిస్తున్నరని సన్‌రైజర్స్ వాళ్లు హైదరాబాద్ క్రికెట్ సంఘం మీద ఉత్తరం రాసిన్రు, ఇట్లైతే ఊరు మారుస్తం అన్నరు. సంఘమేమో అట్లాంటిదేం లేదన్నది. ఆఖరికి పాత ఒప్పందం ప్రకారం సీట్లల్ల పది శాతం పాసులు అని రాజీ పడ్డరు. జూలైల సంఘం అధ్యక్షునితో పాటు కొందర్ని సీఐడీ అరెస్టు చేసింది. తప్పెవరిదో కోర్టు తేలుస్తది, నేను తీర్పు చెప్పను. నాకొక్కటే అనిపించింది. పది శాతం అంటే దగ్గర దగ్గర నాలుగు వేల సీట్లు. వాటి గురించి ఇంత పెద్దోళ్లు ఇంత కొట్లాడిన్రు. ఆ నాలుగు వేలల్ల నలభై సీట్లు ఎస్టీ, ఎస్సీ, బీసీ హాస్టల్ పిల్లలకు ఇయ్యాలె అని ఒక్కరన్న అన్నరా? మనం కూడా అనలే. అడగలే.

సీటు సంగతి చిన్నది. పెద్దది గ్రౌండ్ సంగతి. జెర్సీ మీద హైదరాబాద్ అని ఉంటది. పదకొండు మందిల మన తెలుగోడు అంటే వైజాగ్ నితీశ్ కుమార్ రెడ్డే గుర్తొస్తడు. మన హైదరాబాద్ సిరాజ్, ఆటో నడిపిన గౌస్ సాబ్ కొడుకు, ఏప్రిల్ 6న ఇదే ఉప్పల్‌ల గుజరాత్ జెర్సీ ఏసుకొని మన మీదనే 17 పరుగులకు 4 వికెట్లు తీసిండు. మేము డాబా మీద నిలబడి ఏడ్వాల్నా నవ్వాల్నా తెల్వక చూసినం. ఎలక్ట్రీషియన్ కొడుకు తిలక్ వర్మ ముంబైకి ఆడ్తడు. ఆసియా కప్ ఫైనల్‌ల పాకిస్తాన్ మీద 69 నాటౌట్‌తో గెలిపించింది ఆయనే. ఇద్దరూ పేదింటి పిల్లలే, ఇద్దర్ని చూసి గర్వపడ్త. కానీ ఒకటి గమనించండి. ఇద్దరూ సిటీల పుట్టిన్రు. గ్రౌండ్ దగ్గర, కోచ్ దగ్గర, లీగ్ దగ్గర.

ఏజెన్సీ ఊర్ల నుంచి వచ్చినోళ్ల సంగతి చూద్దాం. భద్రాచలం గొంగడి త్రిష 2025 ఫిబ్రవరిల అండర్-19 వరల్డ్ కప్‌ల 309 పరుగులు, 7 వికెట్లతో ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్. ఆమె కోసం నాన్న భద్రాచలంల జిమ్ వదిలేసి, కుటుంబాన్ని సికింద్రాబాద్ తీసుకొచ్చిండు. ఆ తండ్రికి దండం పెట్టాలె. కానీ మా బాపు ఏం వదిలి వస్తడు? పోడు భూమి వదిలితే తిండి పోతది. మన పట్టా భూమి 1/70 చట్టం కింద గిరిజనేతరులకు అమ్మొద్దు, అమ్మకపోవుడే మనకు మంచిది, దాని కోసమే పెద్దలు కొట్లాడిన్రు. అంటే పిల్లగాని ఆట కోసం అమ్మేందుకు మిగిలింది ఎద్దులే. తమ్ముని బాపు అన్నది అదే గదా.

జార్ఖండ్ రాబిన్ మింజ్ పేరు మీరు వినే ఉంటరు. ఆ రాష్ట్రం నుంచి ఐపీఎల్‌కు ఎంపికైన మొదటి ఆదివాసీ క్రికెటర్. నాన్న ఆర్మీల చేసి, రాంచీ ఎయిర్‌పోర్టుల సెక్యూరిటీ డ్యూటీ చేసిండు. 2024 సీజన్ కోసం గుజరాత్ 3 కోట్ల 60 లక్షలకు కొన్నది. సీజన్‌కు ముందు బండి యాక్సిడెంట్ అయి ఆ ఏడాది ఆడలే. తర్వాతి వేలంల ముంబై 65 లక్షలకు తీసుకున్నది. ఒక్క దెబ్బకు 3 కోట్ల 60 లక్షలు 65 లక్షలైనయ్. ఐపీఎల్ మొదలైంది 2008ల. మనోళ్లల్ల ఒకనికి దారి దొరకడానికి ఇన్నేండ్లు పట్టిందంటే, మన దగ్గర చేతులు లేవనా, మన దాకా దారి లేదనా?

చేతులు లేవంటే నేను ఒప్పుకోను. 1928ల ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌ల భారత హాకీ జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. మన పాకాల పూర్ణ 2014 మే 25న పదమూడేండ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ గుగులోత్ సౌమ్య ఇండియా ఫుట్‌బాల్ ఆడ్తది, క్రొయేషియా దాకా పోయి అక్కడి క్లబ్ జెర్సీ ఏసుకున్నది. పూర్ణ కథ గుర్తు చేసుకోండి. గురుకులం బడే ఆమెను వెతికి పట్టుకొని, శిక్షణ ఇప్పిచ్చి, బూట్లు కొనిచ్చి పంపింది. వాళ్ల నాయిన ఏం అమ్మలే. దారి అంటే అట్ల ఉండాలె.

మూడో లెక్క: పైకి రానోళ్లు ఏమైతరు?

ఈ లెక్క ఎవ్వరు చెప్పరు. బేస్‌బాల్ చూస్తే నాకు అర్థమైంది.

డొమినికన్ రిపబ్లిక్ అని చిన్న దేశం. మన తెలంగాణల మూడో వంతు జనం కూడా ఉండరు. చెరుకు తోటల పేద దేశం. కానీ 2025 సీజన్ మొదటి రోజు అమెరికా పెద్ద లీగ్‌ల వంద మంది దాకా ఆటగాళ్లు ఆ దేశపోళ్లే. ఎట్లయింది? లీగ్‌ల ఉన్న 30 టీమ్‌లకూ ఆ దేశంల అకాడమీలు ఉన్నయ్. టీమే ఊరికి పోయింది. ఉప్పల్ టీమ్ ఉట్నూరుకు పోవాలె అని నేను అడిగేది ఇది చూసే.

ఇగ రెండో వైపు చూడండి. అక్కడ 16 ఏండ్లకే పిల్లలతోని సంతకం పెట్టిస్తరు. దాని కోసం పన్నెండు, పదమూడేండ్లకే బడి మాన్పిస్తరు. ఊర్లల్ల ఉండే ఏజెంట్లు తిండి పెట్టి, ట్రైనింగ్ ఇచ్చి, సంతకం డబ్బుల్ల పెద్ద వాటా తీసుకుంటరు. వయసు తక్కువ చేసి చూపెట్టుడు, సూదులు ఇచ్చుడు, అన్ని బయటపడ్డయ్. సంతకం పెట్టినోళ్లల్లనే చానామంది పెద్ద లీగ్ గడప తొక్కకుండ ఇరవై ఏండ్లకు ఇంటికొస్తరు. చేతుల చదువు లేదు, భుజం అరిగిపోయింది. టీవీల మనకు కనపడేది పైకి వచ్చిన ఆ వందమందే. అందుకే ఇప్పుడు అకాడమీలల్ల చదువు కూడా పెడుతున్నరు.

మన దేశం కథ కూడా ఉన్నది. 2008ల అమెరికా నుంచి ఒక ఏజెంట్ వచ్చి, 'మిలియన్ డాలర్ ఆర్మ్' అని పోటీ పెట్టిండు. వేలమంది పిల్లలు బంతి విసిరిన్రు. యూపీ నుంచి రింకు సింగ్, దినేశ్ పటేల్ గెలిచిన్రు. ఇద్దరూ జావెలిన్ విసిరేటోళ్లు, బేస్‌బాల్ అంటే ఏందో తెల్వదు. పిట్స్‌బర్గ్ టీమ్ తీసుకున్నది. సినిమా కూడా వచ్చింది. సినిమాల చెప్పనిది ఏందంటే, ఇద్దరూ పెద్ద లీగ్ మ్యాచ్ ఆడనేలేదు. దినేశ్ రెండేండ్లకే తిరిగొచ్చి మళ్ల జావెలిన్ పట్టిండు. రింకు చేతి దెబ్బలతో పోరాడి, ఆఖరికి కుస్తీ షోల దిక్కు పోయిండు. వాళ్ల తప్పు ఏం లేదు. గెలిచిన చెయ్యికే ఇట్లున్నదంటే, రెండో రౌండ్‌ల ఆగినోని సంగతి ఎవ్వరు రాసిపెట్టలే.

జైపాల్ సింగ్ సంగతి ఇక్కడ మళ్ల చెప్పాలె. ఆయన హాకీ కోసం ఐసీఎస్ కొలువునే వదులుకున్నడు. ఇది విని మన పిల్లలు "చూడు, ఆయన కూడా వదిలిండు" అంటరు. కానీ వదిలినప్పుడు ఆయన చేతుల ఆక్స్‌ఫర్డ్ డిగ్రీ ఉన్నది. ఆట అయిపోయినంక ఆ చదువుతోనే రాజ్యాంగ సభల కూర్చొని మన కోసం మాట్లాడిండు. చదువును పక్కకు పెట్టి ఎగిరినోడు కాదు ఆయన.

తమ్మునికి నా జవాబు

తమ్మీ, నీ చెయ్యి బంగారం. ఆట ఆపు అని నేను చచ్చినా అనను. నాకు బంతి దొరకక ఆగిన, నువ్వు ఆగొద్దు. కానీ ఎద్దులు అమ్మనియ్యకు. డిగ్రీ ఆపకు. 75 శాతం హాజరు పోతే స్కాలర్‌షిప్ పోతది, స్కాలర్‌షిప్ పోతే హాస్టల్ సీటు పోతది, సీటు పోతే ఈ సిటీల నీకు గ్రౌండ్ కూడా పోతది. ముందుగాల ఆయన్ను నాలుగు మాటలు అడుగుదాం, నేను కూడా వస్త. నీ దగ్గర నేర్చుకున్నోళ్లు ఎంతమంది ఏ క్లబ్‌కు ఆడ్తున్నరు? ఆ పేర్లు ఇస్తే మేం పోయి మాట్లాడొచ్చా? మ్యాచ్ ఆడియ్యకుంటే పైసలు వాపస్ ఇస్తవా, రాసిస్తవా? పొద్దుగాల ఆరు నుంచి ఎనిమిది దాకా నేర్పి, కాలేజీకి పోనిస్తవా? ఇవి అడిగితే కోపానికి వచ్చే మనిషైతే, మనకు అక్కడనే జవాబు దొరికినట్టు. మంచోడైతే కూర్చోబెట్టి చెప్తడు.

క్రికెట్ ఒక్కటే దారి కూడా కాదు. నీ భుజానికి జావెలిన్ ఉన్నది, బేస్‌బాల్ ఉన్నది. యూనివర్సిటీ మీట్‌లకు పోతే సర్టిఫికెట్ వస్తది, అది కొలువుల స్పోర్ట్స్ కోటాకు పనికొస్తదా లేదా అని నోటిఫికేషన్ జాబితా చూసుకొని మరీ ఆడుదాం. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌ల క్రికెట్, బేస్‌బాల్ రెండూ ఉన్నయ్.

గ్రూపు అన్నలకు, అక్కలకు నేను అడిగేది మూడే.

ఒకటి. ఐటీడీఏ ఉన్న ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలంల ఏడాదికి ఒక్కసారన్న ఫీజు లేకుండ క్రికెట్ సెలెక్షన్లు పెట్టాలె అని సంఘానికి, టీమ్‌కు, గిరిజన సంక్షేమ శాఖకు ఉత్తరం రాద్దాం. కిన్నెరసానిల మన స్పోర్ట్స్ స్కూల్ ఉన్నది, బస చేసే జాగ కొత్తగ కట్టాల్సిన పని లేదు. ఉత్తరం నేను రాస్త, మంచిగ రాసేటోళ్లు దిద్దండి. ఫ్రీ పాసుల్ల హాస్టల్ పిల్లల వాటా కూడా అందులనే అడుగుదాం.

రెండు. యూనివర్సిటీ ఆటలకు పోయిన రోజులను హాజరుల కలపాలె అని ఎవరి కాలేజీల వాళ్లు ప్రిన్సిపాల్‌ను అడగండి. ఒక్కరు పోతే వినరు, పదిమంది పోండి.

మూడు. ఫెస్ట్‌ల ఆకులు, నల్ల రంగు అంటే ఈసారి లేచి నిలబడదాం. కొట్లాట వద్దు. అసలు గుస్సాడీ, అసలు కొమ్ము కోయ, అసలు లంబాడీ ఆట మేమే చేసి చూపిస్తం, మా డోలుతోని అని చెప్దాం. ఒప్పుకోకుంటే ఆ స్టేజీ దగ్గరికి పోవద్దు. క్లీవ్‌లాండ్‌ల వాళ్లకు ఏండ్లు పట్టింది. మన కాలేజీ చిన్నది, మనకు అంత పట్టదు.

ఇదంతా నిన్న రాత్రి తమ్మునికి చదివి వినిపిచ్చిన. చానాసేపు ఏం మాట్లాడలే. పొద్దుగాల మెస్‌ల ఉప్మా తినుకుంట ఒక్కటే అన్నడు: "బాపుకు ఫోన్ చేసిన అన్నా. ఎద్దుల బేరం ఆపమన్న." ఆదివారం ఆరింటికి ఆ నెట్స్ ఆయన దగ్గరికి ఇద్దరం పోతున్నం. పోయొచ్చి ఏమన్నడో ఇక్కడనే రాస్త. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ దిక్కు ఉండే అన్నలెవరన్న మాతోని వస్తరా? పెద్దోళ్లు పక్కన ఉంటే మాట వేరే ఉంటది.